పలకని పిలుపుల డబ్బా

సాయంత్రం అయిదు దాటాక ఆ ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, కుళాయి ధారగా తిప్పకూడదు, కుట్టుమిషను తొక్కకూడదు. ఈ మూడు రూళ్ళూ పెట్టింది ఇంట్లో అందరికంటే చిన్నది. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దుటి డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, మేడమీది గదిలో దూరి తలుపు వేసుకునేది. కిటికీ మూసి దాని మీద అమ్మ కుట్టిన దూది దుప్పటి వేలాడదీసేది. అద్దాన్ని గోడవైపు తిప్పేది. ఫోన్లో లొకేషన్ ఆఫ్ చేసిందో లేదో రెండుసార్లు చూసుకునేది. అప్పుడు కెమెరా ముందు కూర్చునేది. ఆమె కళ్ళూ నోరూ ఎటు కదిలితే తెర మీద ఒక ముసలి తాబేలు కళ్ళూ నోరూ అటు కదిలేవి.

ఆ తాబేలు పేరు తాబేలత్తయ్య. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతులు జనం రాసి పంపిస్తే, తాబేలత్తయ్య చదివి వినిపించి, సగం సలహా, సగం వెక్కిరింపు కలిపి ఇచ్చేది. రోజూ నాలుగొందల మందైనా వినేవాళ్ళు.

"అత్తయ్యా, మీ దగ్గర వానా?" అని ఎవరైనా అడిగితే, బయట కుండపోతగా కురుస్తున్నా సరే, "లేదర్రా, నా డిప్ప మీద ఎండ చుర్రుమంటోంది" అనేది. కరెంటు పోయిన సంగతి చెప్పేది కాదు. దుకాణంలో ఏదైనా తమాషా జరిగితే నెల ఆగి, అదీ పళ్ళ డాక్టరు దగ్గర జరిగినట్టు మార్చి చెప్పేది.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. మొదట్లో సొంత మొహంతోనే మాట్లాడేది. ఒకరోజు ఎవడో పూలగుత్తి పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. మూడోరోజు పూలు వాడిపోయాయి గానీ వాడు కదల్లేదు. దాంతో ఇల్లు మారారు. అమ్మకి కుట్టుపని గిరాకీ అంతా పాత వీధిలోనే ఉండిపోయింది. కొత్త వీధిలో జాకెట్టు కొలతలకి నలుగురు నమ్మకంగా రావడానికి ఏడాది పట్టింది. నానమ్మనైతే కుర్చీతో సహా వ్యానులోకి ఎక్కించారు. "ఇంకోసారి నన్ను సామాన్లతో కలిపి ఎక్కించారా, దిగను. అందులోనే పోతాను" అంది ఆవిడ.

ఇంట్లో ఆ పిల్ల పేరు బొంగరం. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేది కాదని నాన్న పెట్టిన పేరు.

నానమ్మ పొద్దున్నే ఇల్లు ఊడుస్తుంటే దుమ్ముతో పాటు పిలుపులు కూడా వచ్చేవి. ఎవరింట్లో అయినా అంతేగా. పిలిస్తే పలక్కపోతే ఆ పిలుపు ఎక్కడికి పోతుంది? కింద పడుతుంది. కొందరి ఇళ్ళలో సోఫా కింద, కొందరి ఇళ్ళలో ఫ్రిజ్జు వెనకాల. ఎండిన బటానీ కాయలా వేలెడంత ఉంటుంది. పిలిచినవాళ్ళు తర్వాత ఏం చెప్పబోయారో అది లోపలే ఉండిపోతుంది. ఎవరైనా పలికితే టప్పుమని పగిలి, ఆ మిగతా మాట బయటికొస్తుంది. ఎక్కువ భాగం చెత్తబుట్టలోకే పోతాయి. నానమ్మ మాత్రం బాగున్నవి ఏరి ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేది.

బొంగరం పధ్నాలుగో ఏట నుంచి పదిహేడు దాకా ఆ ఇంట్లో పిలుపులు చీపురుకి అందనంత రాలేవి. చెవుల్లో ఎప్పుడూ పాటలు, ఎవరు పిలిచినా పలికేది కాదు. ఒకరోజు పొద్దున నాన్న బస్సు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలోంచి పిలిచాడు. పలకలేదు. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆఖరి స్టాపులో అందర్నీ దింపేసి, స్టీరింగు మీద తల వాల్చి, ఇక ఎత్తలేదు. ఆ రాత్రి తలుపు మూల ఆ పిలుపు దొరికింది.

పలికితే పగిలిపోతుంది. పలక్కపోతే నాన్న ఇంకా ఏదో చెప్పబోతున్నట్టే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా అది పగలకుండా డబ్బాలో ఉంది. ఆ రోజు నుంచి మాత్రం ఎవరు "బొంగరం" అన్నా, ఆ మాట నేలని తాకకముందే "ఆఁ" అనేది. నిద్రలో పిలిచినా "ఆఁ". నోట్లో బ్రష్షున్నా "ఆఁ".

కొంప ముంచింది ఆ "ఆఁ"యే.

ఒకనాడు తాబేలత్తయ్య ఉత్తరం చదువుతుండగా కింద నుంచి అమ్మ, రూలు మర్చిపోయి, గట్టిగా కేకేసింది. "బొంగరం! నా కత్తెర ఎక్కడ పెట్టావే?"

"ఆఁ! మిషను సొరుగులో ఉందమ్మా!" అంది తాబేలు, నోరంతా తెరిచి.

వినేవాళ్ళ రాతలు వరదలా వచ్చాయి. బొంగరం ఎవరు, బొంగరం ఎవరు అని.

"మా పిల్లి" అంది తాబేలు.

"పిల్లికి కత్తెర సంగతెలా తెలుసు అత్తయ్యా?"

అందరూ నవ్వుకున్నారు. ఒక్కడు నవ్వలేదు. వాడు తన పేరుకి బదులు మూడు చుక్కలు పెట్టుకునేవాడు. మొదటి నుంచీ వినేవాడు, మర్యాదగా రాసేవాడు. ఆ రాత్రి విడిగా రాశాడు: "గురువారాలు అయిదుంపావుకి మీ వీధిలో బ్రెడ్డు బండి గంట వినిపిస్తుంది. అయిదున్నరకి రైలు రెండుసార్లు కూస్తుంది. అంటే రైలు గేటు దగ్గర. మన ఊళ్ళో అలాంటి వీధులు నాలుగే ఉన్నాయి. ఆదివారం వస్తాను. ఒక్కో వీధిలో 'బొంగరం' అని పిలుస్తాను. నువ్వు పలుకుతావు. నాకు తెలుసు."

బొంగరం వాణ్ణి బ్లాక్ చేసింది. వాడు నాలుగు చుక్కలతో వచ్చాడు. స్టేషనుకెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. అక్కడి అధికారి అంతా చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇంతకీ ఏం చేస్తానన్నాడమ్మా?"

"పిలుస్తానన్నాడు సార్."

"పిలిస్తే నేరమెలా అవుతుంది? ఏదైనా చేస్తే అప్పుడు రండి."

ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "తాబేలుని మూసేస్తానమ్మా. నావల్ల మళ్ళీ ఇల్లు మారొద్దు."

"మూస్తే ఆగుతాడా?" అంది నానమ్మ. "వాడికి కావల్సింది తాబేలు కాదే, డిప్ప లోపలున్నది. పైగా ఆదివారం నోరు మూసుకున్నావనుకో, భయపడ్డావని తెలిసిపోతుంది. రోజూలాగే మాట్లాడు. వాడు పిలిస్తే మాత్రం పలక్కు, అంతే."

ఆ "అంతే" అనేది ఎంత కష్టమో శుక్రవారం తెలిసింది. అమ్మ వంటింట్లోంచి పరీక్ష పెట్టింది.

"బొంగరం!"

"ఆఁ."

"పలకొద్దన్నానా?"

"అనుకునేలోపే వచ్చేస్తోందమ్మా."

"మళ్ళీ. బొంగరం!"

"ఆఁ. అబ్బా!"

మూతికి రుమాలు కట్టారు. రుమాలు లోంచి కూడా "ఆఁ" వచ్చింది. నోట్లో నీళ్ళు పుక్కిట పట్టించారు. నీళ్ళన్నీ అమ్మ కుడుతున్న పెళ్ళి గౌను మీద పడ్డాయి.

"ఇది నోటి జబ్బు కాదు అమ్మాయ్" అంది నానమ్మ కోడలితో. "పేరు దీనొక్కదానిదే. అందుకని దీని నోటికే వస్తోంది. పదిమందికీ పంచేద్దాం."

"పేరుని పంచడమేంటి అత్తయ్యా?"

"ఆ డబ్బా దింపు."

అలమారు మీంచి బిస్కెట్ల డబ్బా దిగింది. పిలుపు ఎవరి జేబులో ఉంటే ఆ పేరుకి వాళ్ళు పలుకుతారు, అది అందరికీ తెలిసిందే. కాకపోతే ఒక్కసారే, పగిలేదాకా. నానమ్మ కర్ర పట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని వీధిలోకి నడిచింది. పదకొండు ఇళ్ళు.

"వీళ్ళకి తాబేలు సంగతి చెప్పాలా నానమ్మా?" అంది బొంగరం, గొంతు తగ్గించి.

"ఎందుకూ? సాయం అడగడానికి కడుపులో ఉన్నదంతా కక్కాలా?"

నానమ్మ ప్రతి గుమ్మంలో ఒక్క మాటే చెప్పింది. "మా పిల్లని ఎవడో పిలుచుకుంటూ వస్తాడట. ఆదివారం ఇది కాస్త జేబులో పెట్టుకో నాయనా." మీసాల వడ్రంగి రంపప్పొట్టు చేత్తోనే తీసుకుని చెవి సందున పెట్టుకున్నాడు. జిరాక్సు అక్క పర్సులో వేసుకుంది. రిటైరైన పోస్టు మాస్టారు అది తిప్పి తిప్పి చూసి, "ఎవరి గొంతూ?" అని అడిగాడు. "మా కోడలిది" అంటే, "అయితే తిట్టే ఉంటుంది" అని చొక్కా జేబుకి గుండీ పెట్టుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పది ఇళ్ళయ్యాయి. మిగిలింది వీధి మొదట్లో తాళాల తాతయ్య ఇల్లు. ఎవరొచ్చినా ముందు తగిలేది ఆయనే. డబ్బాలో మిగిలింది ఒకటే.

బొంగరం డబ్బా మూత పెట్టేసింది. "ఇది ఇవ్వను."

నానమ్మ బలవంతం చెయ్యలేదు. అరుగు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంది. "వాడు నా కొడుకు. నాకు మాత్రం వినాలని లేదనుకున్నావా? నీ పిలుపు కదా అని ఊరుకున్నా."

"పగిలిపోతే ఇంకేం ఉంటుంది?"

"పగలకుండా ఉంచి ఏం విన్నావు?"

తాళాల తాతయ్య గొళ్ళాలూ తాళంచెవులూ చుట్టూ వేసుకుని కూర్చుని ఉన్నాడు. బొంగరం డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది. చివరికి రెండు చేతుల్తో అందించింది. "ఇది మా నాన్నది తాతయ్యా."

ఆయన చేతులు తుడుచుకుని తీసుకున్నాడు.

ఆదివారం అయిదింటికి తాబేలత్తయ్య రోజూలాగే మొదలుపెట్టింది. అత్తగారి కుక్కకి తనంటే పడదని ఎవరో కోడలు రాసిన ఉత్తరం. సగంలో ఉండగా వీధి మొదట్నుంచి ఒక మగ గొంతు వచ్చింది. దుప్పటి దాటి మైకుకి అందనంత సన్నగా, ఆమె చెవికి అందేంత స్పష్టంగా.

"బొంగరం!"

నాలుక కదల్లేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఆ పేరు ఇంకెవరిదో అయినట్టు, నోరు తన పాటికి తను కుక్క గురించి చదువుకుంటూ పోయింది.

"ఆఁ, చెప్పు బాబూ" అన్నాడు కింద తాళాల తాతయ్య.

పిలిచినతను పాతికేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, చెవిలో ఒక ఇయర్‌ఫోను. అందులో తాబేలు ఆగకుండా మాట్లాడుతోంది. అయోమయంగా ముందుకు నడిచి మళ్ళీ పిలిచాడు.

"ఆఁ!" అన్నాడు మీసాల వడ్రంగి. మేడ మీద నుంచి జిరాక్సు అక్క "ఆఁ", ఎదురింటి లాండ్రీవాళ్ళు "ఆఁ", పోస్టు మాస్టారు "ఆఁ, ఎవరదీ?" వీధంతా టప్పు టప్పుమని చప్పుడు.

"ఇక్కడ బొంగరం ఎవరండీ?" అన్నాడు.

"నేనే" అన్నాడు వడ్రంగి.

"నేను కూడా" అంది జిరాక్సు అక్క.

"పలికాంగా, పనేంటో చెప్పు మరి" అన్నాడు మాస్టారు.

అతను నోరు తెరిచాడు. వీధిలో అన్ని మొహాలూ ఓపిగ్గా చూస్తున్నాయి. పలికాక ఏం చెప్పాలో అతను ఇన్నాళ్ళూ అనుకోనేలేదని అప్పుడే తెలిసినట్టుంది.

"ఏం లేదు. ఊరికే పిలిచాను."

"పనిలేకుండా ఆడపిల్ల పేరు వీధిలో పిలవకూడదు బాబూ" అన్నాడు తాళాల తాతయ్య. తిట్టినట్టు కాదు, తెలియనివాడికి చెప్పినట్టు. గ్లాసుడు నీళ్ళిచ్చాడు. అతను తాగాడు, చెవిలోది తీసి జేబులో వేసుకున్నాడు, వెళ్ళిపోయాడు. మిగతా వీధులకి పోయాడేమో తెలీదు. ఆ తర్వాత మూడు చుక్కలూ రాలేదు, నాలుగు చుక్కలూ రాలేదు.

ఆ సాయంత్రం వీధిలో అందరికీ ఏవేవో పనులు పడ్డాయి. పగిలిన పిలుపుల్లోంచి అమ్మ పాత కేకలు బయటికొచ్చాయి మరి. మీసాల వడ్రంగి వెళ్ళి తలంటుకున్నాడు. జిరాక్సు అక్క చల్లారిపోతున్న పాలు తాగింది. బట్టతల పోస్టు మాస్టారు అద్దం ముందు నిలబడి, "తల దువ్వుకో అంది, ఏం దువ్వుకోను?" అని భార్యని అడిగాడు.

తాళాల తాతయ్య మాత్రం ఒక గడియ, నాలుగు మేకులు, సుత్తి పట్టుకుని మేడ మెట్లెక్కాడు. బొంగరం అప్పుడే తాబేలుని కట్టేసి బయటికొచ్చింది. కింద మెట్టు మీద అమ్మ, నానమ్మ.

"అయిపోయిందమ్మా. పగిలింది" అన్నాడు.

సుత్తి మెట్టు మీద పెట్టాడు.

"డ్యూటీకి వెళ్ళే తొందరలో ఉన్నట్టుంది గొంతు. 'బొంగరం, నేను వెళ్తున్నా, లోపల గడియ పెట్టుకో తల్లీ. ఎవరు పిలిచినా గబుక్కున తియ్యకు, ఎవరని అడుగు.' అంతే. కోపం లేదమ్మా అందులో."

బొంగరం గోడకి ఆనుకుంది. తొమ్మిదేళ్ళుగా ఆ కాయలో ఎన్ని నిష్ఠూరాలు ఊహించుకుందో. నానమ్మ పైటతో కళ్ళు ఒత్తుకుని, "గడియే. వాడికెప్పుడూ గడియ గోలే" అంది.

తాతయ్య గడియ బిగించి, రెండుసార్లు వేసి తీసి చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం అయిదవడానికి పది నిమిషాల ముందు, దుప్పటి వేలాడదీసి, అద్దం తిప్పి, బొంగరం కొత్త గడియ పెట్టుకుంది. వెంటనే బయట నుంచి కేక.

"బొంగరం!"

నోరు తెరుచుకుంది. ఒక్క క్షణం ఆగింది.

"ఎవరూ?"

"మీ అమ్మనే. కత్తెర మళ్ళీ కనబడ్డం లేదు. తియ్యి."

నవ్వొచ్చింది. "ఆఁ" అని, గడియ తీసింది.