తెర మీద కొల్లేరు

జాయ్సీ పదిమందిలో నోరు విప్పగా బడిలో ఎవరూ వినలేదు. ఆమె తరఫున మాట్లాడే పని ఎప్పుడూ తేజశ్రీదే. ఏలూరు వైజ్ఞానిక ప్రదర్శనకు బయల్దేరినప్పుడు కూడా ఒప్పందం అదే. జాయ్సీ చేసింది తెర మీద కనిపిస్తుంది, తేజశ్రీ దాని గురించి చెబుతుంది.

జాయ్సీ చేసింది కొల్లేరు. బడికి వచ్చిన లినక్స్ కంప్యూటర్లలో ఒక పడవ ఆట ఉంది. అందులో అన్నీ పరాయి దేశాల సరస్సులే. కొత్తది కావాలంటే ఎవరికి వారు తయారుచేసి యాడ్-ఆన్‌గా కలుపుకోవచ్చు. జాయ్సీ కొల్లేటికోట చుట్టూ ఉన్న నీళ్లనీ, తెగ్గొట్టిన చేపల చెరువుల గట్లనీ, కిక్కిస గడ్డి దుబ్బులనీ గీసి, పడవ బదులు తాటి దోనె పెట్టింది.

తీరా ప్రదర్శన రోజున, అక్కడ ఇచ్చిన కంప్యూటర్‌లో ఆట తెరుచుకుంది గానీ సరస్సుల జాబితాలో కొల్లేరు లేదు.

“పొద్దున్న మీరిచ్చిన సీడీలోంచి నేనే ఎక్కించానండీ. నా ముందు బాగానే ఆడింది,” అన్నాడు కంప్యూటర్లు చూసుకునే గోపీచంద్. అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ ఎక్కించాడు. పూర్తయిందని చూపించింది. జాబితా మాత్రం మారలేదు.

“సీడీ మీద గీతలు పడ్డాయేమోనండీ.”

జడ్జీలు పక్క గదిలోకి వచ్చేశారు. పిల్లల వెంట వచ్చిన నిత్యానందం మాస్టారు, అవసరానికని తెచ్చిన కొల్లేరు చార్టు చుట్ట విప్పసాగారు. “పోనీలే అమ్మా. ఇది తగిలిద్దాం.”

“చార్టులో దోనె నడవదు కదండీ మాస్టారూ,” అంది తేజశ్రీ. జాయ్సీని మోచేత్తో పొడిచింది. “నీ కొల్లేరు నువ్వే వెతుక్కోవే. ఇందులో నాకు ఓనమాలు తెలీవు.”

జాయ్సీ తెరనే చూస్తోంది. సీడీ పాడైతే పొద్దున్న మాత్రం ఎలా ఆడుతుంది? ఎక్కడో ఒకచోట దిగే ఉంటుంది. అప్పటికీ ఇప్పటికీ మారిందేమిటి? తెర మీద మూలగా ఉన్న పేరు చూసింది. పిల్లల కోసం ఇచ్చిన లాగిన్ అది.

సంగతి తెలిసింది. తేజశ్రీ చెవిలో చెప్పబోయింది. మాస్టారు గోడకు చార్టు ఆనించారు.

“ఏవండీ,” అంది జాయ్సీ. అందరూ అటు తిరిగారు. “మీరు ఎవరి పేరుతో ఎక్కించారండీ?”

“అడ్మిన్ పేరుతోనమ్మా. అన్నీ అలాగే ఎక్కిస్తాం.”

“ఈ ఆట ఎవరు ఎక్కిస్తే వాళ్ల ఫోల్డర్‌లోనే దాచుకుంటుందండీ. అది మీ దాంట్లో దిగింది. ఇక్కడ వేరే పేరుతో తెరిచాం, అందుకే కనపడట్లేదు.”

“అంటే చుట్టాన్ని పక్కింట్లో దింపేసి, మనం ఇక్కడ విస్తరేసుకుని కూర్చున్నామన్నమాట,” అంది తేజశ్రీ.

గోపీచంద్ ఫక్కున నవ్వి కుర్చీ ఖాళీ చేశాడు. “నువ్వే ఎక్కించమ్మా.”

జాయ్సీ పాస్‌వర్డ్ జోలికి పోకుండా, పిల్లల లాగిన్‌లోంచే యాడ్-ఆన్ ఎక్కించింది. ఆట మూసి, మళ్లీ తెరిచింది. జాబితా అడుగున కొల్లేరు. నొక్కింది. తెర ఒక్కసారి నల్లబడి, తర్వాత నీళ్లతో నిండింది.

జడ్జీ ఎలిజబెత్ గారు కూర్చుంటూనే దోనెను తీసుకెళ్లి కిక్కిసలో ఇరికించారు. “ఇప్పుడెటు పోవాలే?”

అలవాటు కొద్దీ తేజశ్రీ నోరు తెరవబోయింది. ఈలోపే జాయ్సీ అందుకుంది. “వెనక్కి రానివ్వండి. ఇప్పుడు కుడికండీ. గట్టు తెగిన చోట దారుంది.”

దోనె గండిలోంచి జారి పెద్ద నీళ్లలో పడింది. గూడబాతులు గుంపుగా లేచాయి. ఆవిడ కుర్చీ వదలనంటే, వెనక పిల్లలు ఒకరినొకరు తోసుకుంటున్నారు.

“తోసుకోకండి, అందరికీ వస్తుంది,” అంది జాయ్సీ. ఆ మాట గది చివరిదాకా వినిపించింది. “ముందు దోనె ఎలా తిప్పాలో చెబుతాను, వినండి.”