తెల్లగా వచ్చిన మొదటి పేజీ

మిల్లు గేటు ముందు నెత్తురు ఇంకా ఆరలేదు. శాసనసభలో మాత్రం కూలీల మీద కాల్పులు జరిపించిన సైనిక గవర్నరుకు ధన్యవాద తీర్మానం పెట్టారు. నిన్నటిదాకా ప్రజల కోసం ప్రాణాలిస్తామన్న పెద్దమనుషులు, పట్టు అంగీలు సర్దుకుంటూ ఒకరిని చూసి ఒకరు లేచి నిలబడ్డారు. ఫాంగ్ యెన్‌షూ కుర్చీలోంచి కదల్లేదు. అతను పండితుడు, పత్రికా సంపాదకుడు, ఆ సభలో సభ్యుడు. వీళ్లలో తానూ ఒకడైనందుకు అతనికి అసహ్యం వేసింది.

"లేవండి ఫాంగ్ గారూ, ఒక్క క్షణం పని," అంటూ పక్క సభ్యుడు చెయ్యి పట్టుకున్నాడు.

"వదలండి. మీ దగ్గర కంపు కొడుతోంది," అని ఫాంగ్ బయటికి నడిచాడు.

ప్రెస్సుకు వెళ్లేసరికి సెన్సారు అధికారి కాల్పుల వార్త మొత్తం అప్పటికే కొట్టేశాడు. కొట్టేసిన చోటును తెల్లగా వదిలేయడం అక్కడి పత్రికల అలవాటు. ఆ ఖాళీ చూడగానే ఏదో దాచారని ఊరికి తెలిసిపోతుంది. అందుకే ఈసారి ఖాళీ వదలకూడదని, అక్కడ ధన్యవాద తీర్మానం వేయాలని గవర్నరు హుకుం.

"మా తమ్ముడు ఆ గేటు కాడే పోయాడు. సంపినోడికి దండాలని నా సేత్తో అచ్చరాలు పేర్చాలా?" అన్నాడు కంపోజిటర్ తావ్ షున్.

"ప్రెస్సు మూసేత్తార్రా. మన కూడు పోద్ది," అన్నాడు ముసలి మేస్త్రీ.

"ఇది ఏసి తింటే ఆ కూడు గొంతు దిగుద్దా మావా?"

ఫాంగ్ కల్పించుకున్నాడు. "పాత కావ్యభాషలో పొగడ్తలోనే తిట్టు దాచి రాస్తాను. తెలిసినవాళ్లకి తెలుస్తుంది."

"తెలిసినోళ్లే కదా పంతులుగారూ, ఇయ్యాల లేచి నిలబడింది," అన్నాడు తావ్.

ఫాంగ్ సిగ్గుతో తల దించుకున్నాడు. "అయితే పేజీ అంతా తెల్లగా వదిలేయండి. కింద నా పేరు వేయండి."

"మా పేర్లూ ఎయ్యండి," అన్నాడు మేస్త్రీ.

తెల్లారి టీ దుకాణం గోడకు అంటించిన ఆ పేజీ ముందు జనం మూగారు. మిల్లు మనిషి ఒకావిడ ఫాంగ్‌ని చూసి ముందుకొచ్చింది. "ఇంత సోటుందిగా పంతులుగారూ. గేటు కాడ పోయిన మా ఆయన పేరు రాయండి."

ఫాంగ్ దుకాణంలో లెక్కలు రాసే కుంచె తీసుకుని సిరాలో ముంచి రాశాడు. ఆమె వెనక మరొకరు, వాళ్ల వెనక ఇంకొకరు వచ్చి నిలబడ్డారు.

సైనికులు వచ్చారు. "ఎవడు రాసిందిది?"

"నేనే," అన్నాడు ఫాంగ్. చేతులు వెనక్కి విరిచి కట్టారు. కుంచె నేల మీద పడింది.

జనంలోంచి తావ్ షున్ ముందుకొచ్చి, వంగి దాన్ని తీసుకున్నాడు. తుపాకుల వైపు చూడకుండా గోడ వైపు తిరిగాడు.

"సెప్పమ్మా, మీవోడి పేరేంటి?"