కుండీలు కడిగే గదిలో పూసిన పొద

వృక్షశాల అద్దాల ఇంట్లో, ఆవిరి గొట్టం పక్కన, తొమ్మిదేళ్లుగా ఒక పొద ఉంది. మబ్బులు కమ్ముకునే కొండ అడవుల్లో ఎక్కడో అరుదుగా కనిపించే మొక్క, వంకాయ కుటుంబానిదే. దాని విత్తనం నాటింది తోటమాలి భార్య. కుండీకి ఒక చీటీ కూడా కట్టింది: "తడి అంటే ప్రాణం." ఆ ఏడాదే ఆమె పోయింది. పొద ఇంతవరకు ఒక్క పువ్వూ పూయలేదు.

"మూడు నెలలు చూద్దాం. పూయకపోతే తీసేయాల్సిందే. ఆ చోటు ఆర్కిడ్లకు కావాలి," అంది వృక్షశాల సూపరింటెండెంట్. ఆ మాట అంటూ ఆవిడ తోటమాలి మొహంలోకి చూడలేకపోయింది. అంతమాత్రం దయకే ఆయన మనసు కాస్త తేలికపడింది.

ఆ ఆదివారం మరదలు భోజనం తెచ్చింది. పాల కేంద్రంలో చల్లగదిలో పని ఆమెది.

"అబ్బ, ఏం ఉక్క బావా! ఇన్నేళ్లు మేపావు, కూరకి ఒక్క వంకాయైనా కాసిందా?"

"నీ వేళాకోళం ఆపు. తడి కావాలని మీ అక్క రాసిపోయిందిగా. అందుకే ఆవిరి పక్కన పెట్టా."

"తడి అంది గానీ ఉడకబెట్టమందా? మా చల్లగది తలుపు తీస్తే మొహాన కొట్టేది మబ్బే. అదీ తడే కదా, ఎప్పుడైనా ఒళ్లు కాల్చిందా?"

తోటమాలి వంగి చీటీని మళ్లీ చదివాడు. అద్దాల ఇంట్లో పనిచేసేవాళ్లకు తడి అంటే ఆవిరే. ఇన్నేళ్లుగా తానూ అదే అనుకున్నాడు.

ఇద్దరూ కలిసి కుండీని ఉత్తరం వైపు, కుండీలు కడిగే గదిలోకి మోశారు. అక్కడ నీడ, చల్లదనం, పాత కుళాయి నుంచి రోజంతా తుంపర. మొదటి వారం ఆకులు జలజలా రాలాయి. ఆయన రోజూ వెళ్లి దాని ముందు కూర్చున్నాడు.

"అలిగింది బావా, అంతే. బతిమాలకు," అంది మరదలు.

రెండో నెలలో కొమ్మల చివర మిరపగింజంత మొగ్గలు తొంగిచూశాయి.

గడువు రోజు పొద్దున్నే సూపరింటెండెంట్ ఆర్కిడ్ల బండితో వచ్చింది. తోటమాలి కడిగే గది తలుపు తీశాడు. కొమ్మకొమ్మకూ ఊదారంగు పూలు, సన్నని గొట్టాల్లా, గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర లెక్క తప్పి, నవ్వేసింది.

"దీన్ని కదపడానికి వీల్లేదు. మరి కుండీలు ఎక్కడ కడుగుతారు?"

"బయట ఎండలో, మేడమ్. నా నడుముకీ హాయి."

"మా అక్క గెలిచింది!" అని, పనికి వెళ్తూ పూలు చూడటానికి ఆగిన మరదలు వెనక నుంచి చప్పట్లు కొట్టింది.

తోటమాలి జేబులోంచి పెన్సిల్ తీశాడు. చీటీ మీద భార్య రాతను చెరపకుండా, "తడి"కి ముందు ఉన్న కాస్త చోటులో "చల్లని" అని ఇరికించి రాసి, తలెత్తి నిలబడ్డాడు.