మగ్గం గుంటలో లాలిపాట

పోస్టుమాను నారాయణప్ప ఉత్తరమూ చిన్న పొట్లమూ చేతికిచ్చి ఇంకా సైకిలెక్కనే లేదు, కదిరమ్మ నిలుచున్నచోటే ఉత్తరాన్ని రెండుసార్లు చదివేసింది. మూడోసారి చదువుతూ గుమ్మం తట్టుకొని పడబోయి, తనలో తనే నవ్వుకుంది.

ఆమెకు పెళ్లయి నలభై రోజులు. భర్త వెంకటేశులు ధర్మవరంలో రేడియోలూ మైకుసెట్లూ బాగుచేస్తాడు. బెంగుళూరులో క్యాసెట్ల కంపెనీ పెట్టిన శ్రీరంగప్ప అతన్ని ఉద్యోగానికి రమ్మన్నాడు. ఒకటో తేదీకల్లా పోవాలి. ఉండేది ముగ్గురు మగవాళ్లతో కలిసి ఒకే గదిలో. భార్య సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నాడు. బీయస్సీ చదివిన కదిరమ్మకు లెక్కలు బాగానే వచ్చు గానీ, ఆ ఏడాదిని రోజుల్లోకి మార్చడానికి మాత్రం మనసొప్పలేదు.

ఇప్పుడీ ఉత్తరం. కంపెనీకి కొత్తగా డిజిటల్ యంత్రం వచ్చిందట. దాని మీద పట్టిన పాటలో గరగర అన్నదే లేదట. కానీ వింటుంటే ట్యూబులైటు కింద చల్లన్నం తిన్నట్టుందట. "పొట్లంలో ఒక లాలిపాట క్యాసెట్టు పంపుతున్నాను. నీ పాత సామాన్లతో దానికి కాస్త వెచ్చదనం తెప్పించు. మా అమ్మాయి పెళ్లి చీరలకు బుధవారం మీ ఊరికే వస్తున్నాను, వింటాను. నచ్చితే పనంతా నీ అంగడికే పంపిస్తాను. నువ్వు బెంగుళూరు రానక్కరలేదు."

ఆ రోజు మంగళవారం.

"రానక్కరలేదంట అత్తా! రానక్కరలేదంట!" అంది కదిరమ్మ.

అత్త హనుమక్క విసనకర్ర ఆపలేదు. "వెచ్చదనం కావాల్నంటనా? ఈ ఎండలో దాని కోసరం బెంగుళూరు నుంచి రావల్లనా ఆయప్ప? క్యాసెట్టు తెచ్చి మిద్దె మీద పెట్టు, కాగిపోతాది."

కబురందగానే వెంకటేశులు అంగడి మూసి, పాత వాల్వుల యాంప్లిఫయరును, రెండు టేపురికార్డర్లను రిక్షాలో వేసుకొని ఇంటికొచ్చాడు. అంగడి ముందు లారీల మోత. ఇంట్లో అయితే నాయన నేసే మగ్గమొక్కటి ఆపితే చాలు. యాంప్లిఫయరు మూత తీసి స్విచ్చు వేస్తే, లోపల వాల్వులు ఒక్కొక్కటే దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. కదిరమ్మ గడ్డం కింద చేయి పెట్టుకొని చూస్తూ ఉండిపోయింది.

"వేడెక్కినాక దీంట్లో నుంచి పోనిస్తే గొంతు మెత్తబడతాది. చూడు," అన్నాడతను.

గొంతు మెత్తబడలేదు. ఉత్సాహంలో సౌండు పెంచేసరికి, బిడ్డను నిద్రపుచ్చే తల్లి కాస్తా ఎలక్షను జీపెక్కింది.

"బిడ్డ ఉలిక్కిపడి లేచినాడు పో," అంది హనుమక్క.

సౌండు తగ్గించారు. వీధి చప్పుడు పడకూడదని కిటికీలకూ వాకిలికీ ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ కట్టారు. మిగిలిన ఒకదాన్ని హనుమక్క స్పీకరుకే కప్పింది, వెచ్చదనం అదే వస్తుందని. నలుగురూ చెమటలో తడిసి ముద్దయ్యారు. పాట మాత్రం ముసుగుతన్ని పడుకున్న మనిషి మూలుగులా వచ్చింది. ఒకే ఇయర్‌ఫోను, మొగుడితో చెవీ చెవీ ఆనించి వినాలి. ఆ వంకతో కదిరమ్మ వినాల్సిన దానికంటే నాలుగుసార్లు ఎక్కువే విన్నది. హనుమక్క చూడనట్టు దూలాలు లెక్కపెట్టింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మామ వీరప్ప మగ్గం దిగలేదు. నలభై ఏళ్ల మగ్గం చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలంటే నేత ఆపాడు గానీ, మగ్గం కింద తొక్కుడు చెక్కలుండే గుంటలో కాళ్లు వేలాడేసుకొని, చేతులు కట్టుకొని అంచు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నాలకు పీట కావలసి వచ్చింది. దాని మీదున్న స్పీకరును ఎక్కడ పెట్టాలో తోచక, పాట ఆపకుండానే కదిరమ్మ దాన్ని మగ్గం గుంటలోకి దించింది, మామ కాళ్ల పక్కన.

వీరప్ప ఒక్కసారిగా వంగి చూశాడు. "ఎవురమ్మీ, నా కాళ్ల కింద పాడేది?"

"వినిపిస్తాందా మామా?" కదిరమ్మ ఆయన చెవి దగ్గర అరిచింది.

"చెవులకు కాదు పాపా, అరికాళ్లకు తెలుస్తాంది. ఆయమ్మ ఊపిరి తీసుకునేది కూడా తెలుస్తాంది."

వెంకటేశులు ముద్ద వదిలేసి లేచాడు. గుంట అంచున బోర్లా పడుకొని విన్నాడు. మట్టిగోడల మధ్య తిరిగి పైకొస్తున్న గొంతు గుండ్రంగా, దగ్గరగా, ఎవరో ఒడిలో కూర్చోబెట్టుకొని పాడుతున్నట్టు ఉంది. గొంగళ్లన్నీ ఊడపీకారు. గుంట అంచున మైకు కట్టారు. అక్కడి గొంతును అసలు పాటలో పాలకు తోడు వేసినంతే కలపాలని వెంకటేశులు పట్టుబట్టాడు.

"ఎంత కలపల్ల నాయనా?" అని అరిచాడు.

"కొంచెం తగ్గించప్పా, మడమలు జిల్లుమంటాండాయి... ఆ, ఇంకా రవ్వంత... ఆడ! ఆడ నిలబెట్టు!"

ఆయన అరికాళ్లు చెప్పినచోటే నిలబెట్టారు. పాటను పట్టడానికి రెండో టేపు తిరిగింది. పాట సగంలో ఉండగా వీరప్ప కాలు అలవాటుగా తొక్కుడు చెక్క మీద పడింది. ధబ్! మళ్లీ మొదటినుంచి. రెండోసారీ అంతే. మూడోసారి కదిరమ్మ నేల మీద కూర్చొని, మామ కుడి మోకాలిని రెండు చేతులా పట్టుకొని, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ పాట చివరిదాకా ఉంది.

పట్టిన టేపును ఇంట్లోని మామూలు టేపురికార్డర్లో పెట్టి వేశారు. రెండో చరణానికి హనుమక్క విసనకర్ర ఆగింది. పాట అయిపోగానే, "ఇంగొకసారి పెట్టు," అని మాత్రం అంది. అత్త నోట ఎకసెక్కెం రాకపోవడం కదిరమ్మ కాపురానికొచ్చాక అదే మొదలు.

"మనకు నచ్చితే సరా? ఆయప్పకు నచ్చల్ల కదా," అన్నాడు వెంకటేశులు. కదిరమ్మ గుండె మళ్లీ ఒకటో తేదీ దగ్గరికి పోయొచ్చింది.

వీరప్ప గుంటలోంచి కాళ్లు పైకి తీసుకున్నాడు. కన్న కొడుకును కూడా ఆ తావులో కూర్చోనివ్వని మనిషి.

"రేపు ఆయప్ప వస్తే కుర్చీ గిర్చీ వెయ్యాకండి," అన్నాడు. "చెప్పులిడిపిచ్చి, కాళ్లు కడిగిపిచ్చి, నా తావులో కూచోబెట్టండి. కాళ్లు గుంటలో పెట్టినాకనే పాట పెట్టల్ల. అది అయిపోయేదాకా ఎవురూ చీరల మాట ఎత్తాకండి."