పిడి లేని కుర్చీ

సెలూన్ మామయ్యకు కమీషన్ అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. ముప్ఫై ఏళ్ళుగా గడ్డాలు గీసి, జుట్లు కత్తిరించి సంపాదించిన ప్రతి పైసా కస్టమరు చేతిలోంచి నేరుగా ఆయన చేతిలోకే వచ్చింది. అదీ వెనక అద్దం పట్టి చూపించి, కస్టమరు తలూపాకే. అలాంటాయన పాత కుర్చీని ఆన్‌లైన్‌లో అమ్మబోతే, కోడలు ఫోను చూపించి, "నూటికి ఐదు సైటువాళ్ళు పట్టుకుంటారు మామయ్యా" అంది తాపీగా.

"ఎందుకట? ఏం మోశారని? కుర్చీ నాది, డబ్బు కొనేవాళ్ళది. మధ్యలో వీడెవడు?"

"మధ్యవర్తి. కొనేవాళ్ళు ముందే అక్కడ డబ్బు కడతారు. కుర్చీ చూసుకుని, బాగుందని బటన్ నొక్కితే మనకొస్తుంది."

"నా ఖాతాలో వేసేయమను. పైసా ఖర్చుండదు."

"డబ్బు పడకుండా మీరు కుర్చీ పంపుతారా? కుర్చీ చూడకుండా వాళ్ళు డబ్బు వేస్తారా? పోనీ చేతికిచ్చి పట్టుకెళ్దామని ఊళ్ళో ఒక్కరూ రాలేదాయె."

మామయ్య సరే, పెట్టమన్నాడు. అనక చస్తాడా? మొన్ననే ఒకడు కుర్చీ కొంటానంటూ ఏదో కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు పడుతుందంటే, ఈయన సంబరంగా పిన్ కొట్టబోయాడు. కోడలు ఫోను లాక్కుని, "డబ్బు పుచ్చుకోడానికి పిన్ దేనికి మామయ్యా? అది ఇచ్చేటప్పుడు కదా కొట్టేది!" అని చీవాట్లు పెట్టినంత పని చేసింది.

అసలీ అమ్మకమే ఆమె కోసం. సెలూన్‌ని సగానికి అడ్డు కట్టి, ఒకవైపు ఆడవాళ్ళకు జుట్టు కడిగి కత్తిరించాలని ఆమె రెండేళ్ళుగా కలవరిస్తోంది. పని నేర్చుకుంది. తల కడిగే బేసిన్ ఒకటి పాత సామాన్ల కొట్లో చవగ్గా కనబడింది. శనివారం సాయంత్రం దాకా ఆగుతాను, ఆపైన నా వల్ల కాదని కొట్టాయన తెగేసి చెప్పాడు. కుర్చీ డబ్బు వస్తేనే బేసిన్.

రెండు గంటల ప్రయాణం దూరంలో కొత్తగా సెలూన్ పెడుతున్న ఒకావిడ కుర్చీ కొంది. సైటులో డబ్బు కట్టింది. బుధవారం పొద్దున్నే వ్యాను వచ్చింది. మామయ్య కుర్చీని శుభ్రంగా తుడిచి, దాని చేతులమీద ఒకసారి నిమిరి మరీ ఎక్కించాడు. ఆ రోజు నుంచే షాపుకి రంగులు మొదలయ్యాయి.

శనివారం పొద్దున కోడలు ఫోను చూసి కూలబడింది.

"ఆవిడ బటన్ నొక్కలేదు మామయ్యా. ఫిర్యాదు పెట్టింది. పక్కనుండే ఇనుప పిడి లేదట. కుర్చీ లేవదు, వాలదు. ఊడబెరుక్కుని అమ్మారు, మోసగాళ్ళు అని రాసింది. డబ్బు ఆపేశారు."

"మోసగాడినా? నేనా? ముప్ఫై ఏళ్ళలో ఒక్క చెవికి కూడా గాటు పడనివ్వలేదే! ఆ వ్యాను వాడే కొట్టేసుంటాడు. చూశావా నీ మధ్యవర్తిని? కుర్చీ పాయె, డబ్బూ పాయె!"

ఆ విసురులోనే షాపుకి వెళ్దామని కొక్కేనికున్న పని కోటు తొడుక్కుని, తాళంచెవి వేసుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు. చల్లగా ఏదో తగిలింది. బయటికి తీశాడు. పిడి!

ఎప్పుడో వీధి పిల్లలు కుర్చీ ఎక్కి ఎగరేసి ఆడారని, అప్పట్నుంచీ షాపు మూసేముందు పిడి ఊడదీసి జేబులో వేసుకోవడం ఆయనకు అలవాటు. మంగళవారం రాత్రి కూడా చెయ్యి తన పాటికి తాను ఆ పని చేసేసింది. ఆ కోటు మళ్ళీ తొడిగింది ఇప్పుడే.

"అమ్మాయ్," అన్నాడు పిడి ముందుకు చాపి, "వ్యాను వాడు కాదు."

కోడలు పిడిని చూసింది, ఆయన మొహం చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే ఫక్కున నవ్వింది. "నయం, కుర్చీని కూడా జేబులో వేసుకోలేదు! కొరియర్లో వేస్తే సోమవారానికి గానీ చేరదు."

"కొరియరెందుకు, నేను చచ్చానా?" అంటూ ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

కుర్చీ కొన్నావిడ సెలూన్ ఇంకా రంగు వాసన వేస్తోంది. ఒక అద్దం, దాని ముందు ఆయన కుర్చీ. దాని పక్కన చేతులు కట్టుకుని ఆవిడ నిలబడి ఉంది.

"కుర్చీ అమ్మింది మీరేనా?"

"నేనే తల్లీ. నువ్వు రాసిన మోసగాణ్ణి." జేబులోంచి పిడి తీసి, వంగి బిగిస్తూ జరిగిందంతా చెప్పుకొచ్చాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ పెదవి బిగబట్టి విన్నది కానీ, ఎక్కువసేపు ఆగలేకపోయింది. "నేను పదేళ్ళు పనిచేసిన చోట మా ఓనరు దువ్వెనలు జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు బాబాయ్! పొద్దున్నే అందరం వెతుక్కునేవాళ్ళం. కూర్చోండి, పనిచేస్తుందో లేదో మీ మీదే చూస్తాను."

ఆ కుర్చీలో ఆయన ఏనాడూ గడ్డం గీయించుకోలేదు. ఆవిడ పిడి తిప్పి వెనక్కి వాల్చింది. నురగ రాసి, కత్తి తేలిగ్గా నడిపించింది. మంచి చెయ్యి అనుకున్నాడు.

"బాబాయ్, సైటులో రద్దు చేసేసి డబ్బు మీ చేతికే ఇవ్వనా? మీకు కమీషన్ మిగులుతుంది."

ఆయన మనసు లాగింది. ఆ కమీషన్‌తో కోడలికి రెండు కత్తెరలొస్తాయి. కానీ డబ్బు నేరుగా తన ఖాతాలో పడి ఉంటే ఈవిడ దిక్కుతోచక ఎంత ఏడ్చేదో, ఎంతమందితో తనను దొంగని చెప్పేదో అనుకున్నాడు.

"వద్దమ్మా. ఇన్నాళ్ళూ నీ డబ్బుకి వాడు కాపలా కాశాడు. కూలి ఎగ్గొడితే ఎట్లా?"

"అయితే బటన్ నొక్కేయనా?"

"ఆగు. ముందు అద్దం చూపించు."

ఆవిడ చూపించింది. ఆయన గడ్డం అటూ ఇటూ తడుముకుని, తృప్తిగా తలూపాడు. అప్పుడు నొక్కింది. గడ్డం డబ్బులు ఆయన, ఆవిడ వద్దన్నా వినకుండా, చేతిలో పెట్టి, "బోణీ" అన్నాడు.

గుమ్మం దిగుతుండగా ఫోను మోగింది. "మామయ్యా, పడింది! నేను బేసిన్ కొట్టుకే పరిగెడుతున్నా!" కోడలు ఆయాసపడుతూ అరుస్తోంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

బస్సెక్కి కూర్చోగానే, ఎందుకైనా మంచిదని కోటు జేబులు రెండూ తడిమి చూసుకున్నాడు. ఏమీ లేదు. హమ్మయ్య అనుకుని టికెట్ తీసుకున్నాడు.