అద్దం మీద ఆరు గంటలు

రోజూ సెలూన్‌లో గిరాకీల తలలు షాంపూతో రుద్ది రుద్ది షిహో వేళ్లు పగిలిపోయాయి. ఆ పొద్దున ఆమె చేతినుంచి, కత్తిరింపు నేర్చుకునే బొమ్మ తల మీద రక్తం చుక్క పడింది. మేనేజరు కుసకాబె ఆ తలను చెత్తబుట్టలో పడేసి మళ్లీ మొదలుపెట్టమన్నాడు. పక్కనే నిలబడి చూసిన తోటి సహాయకురాలు మినోరికి, చెప్పుకోడానికి సిగ్గు గానీ, కడుపు చల్లబడింది.

ఒసాకాలోని ఆ సెలూన్‌లో సహాయకులు ఎనిమిదిమంది. పరీక్షలన్నీ నెగ్గేదాకా మనిషి తల మీద కత్తెర పెట్టనివ్వరు. పని పదింటికి. అభ్యాసం అంతకు ముందే, బొమ్మ తలల మీద. అది పని కాదట, మక్కువట, అందుకే జీతం లేదు. హాజరు కార్డు మాత్రం పదింటికే గుద్దాలి. షిహో మూడు పరీక్షలు దాటింది. మినోరి ఒక్కటీ దాటలేదు. షిహో ఎనిమిదింటికి వస్తే కుళ్లుకొద్దీ మినోరి ఏడింటికి వచ్చేది. వీళ్ల పోటీ చూసి కుసకాబె ఆరింటికే తాళం తీయడం మొదలుపెట్టాడు.

మర్నాడు అయిదున్నరకే వచ్చిన మినోరికి మూసిన తలుపు ముందు షిహో కనిపించింది.

"నీకు నిద్ర పట్టదా?"

"నువ్వెక్కడ ముందొచ్చేస్తావోనని. నిన్న నా వేళ్లు చూసి సంబరపడ్డావు కదూ?"

మినోరి తల దించుకుంది. ఒకరిమీద ఒకరి ఏడుపు తమది, లాభం కుసకాబెది.

మధ్యాహ్నం తువ్వాళ్లు ఆరేసే గదిలో ఎనిమిదిమందీ వాదించుకున్నారు. నేర్చుకునేది మనకోసమే కదా, పనివేళ కాకుండా చేస్తే తప్పేంటి అన్నాడు అందరికంటే పెద్దవాడు తొకునాగ.

"ఇంట్లో చేసుకో, నీ ఇష్టం. ఇక్కడికి రాకపోతే పరీక్షకే పిలవరు, అదేం ఇష్టం?" అంది షిహో. "నేర్చుకున్న చెయ్యి ఎవరి కొట్లో పనిచేస్తుంది?"

ఇకనుంచి పొద్దున రాగానే కార్డు గుద్దాలని, ఆ తర్వాతే కత్తెర పట్టాలని తీర్మానించుకున్నారు.

మరుసటి పొద్దున ఆరింటికి ఎనిమిదిమందీ కార్డులు పట్టుకుని వస్తే, కుసకాబె కార్డు గుద్దే యంత్రానికి అడ్డంగా నిలబడ్డాడు. మినోరి వైపు మెత్తగా చూశాడు.

"వీళ్లని వదిలెయ్యి. నీకు పరీక్షలు అక్కర్లేదు. కిటికీ పక్క కుర్చీ ఇవాళ్టినుంచి నీది, గిరాకీల జుట్టు నువ్వే కత్తిరించు."

రెండేళ్లుగా మినోరికి కలలో కూడా ఆ కుర్చీయే. షిహో వైపు చూసింది. ఆ కళ్లలో అసూయ, దాచుకోలేని పచ్చి అసూయ. ఆ చూపు కోసమే ఇన్నాళ్లూ పడిచచ్చింది. ఎంత తియ్యగా ఉందో.

"ఆ కుర్చీలో ఎనిమిదిమంది పట్టరు సార్," అంటూ మినోరి ఆయన చంక కిందనుంచి చెయ్యి దూర్చి కార్డు గుద్దింది.

కుసకాబె యంత్రం తీగ పీకేశాడు. షిహో జుట్టురంగు కుంచె తీసుకుని పెద్ద అద్దం మీద రాసింది: పొద్దున ఆరు గంటలు, మినోరి. కింద తన పేరు రాసింది. కుంచె చేతులు మారింది. తుడవబోయిన కుసకాబె అరచేతులకు రంగు అంటుకుంది గానీ పేర్లు పోలేదు.

పదింటికి మొదటి గిరాకీ వచ్చి కూర్చుంది. అద్దంలో తన ముఖం మీదుగా ఎనిమిది పేర్లూ చదివింది.

"ఆరింటినుంచీ ఇక్కడే ఉన్నారా?" అని అడిగింది.

ఎనిమిదిమందీ ఒక్కసారే అవునన్నారు.