ఉన్నాడా, ఉండేవాడా

కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన, రెండో అంతస్తులో ఒకే ఒక్క గది. పన్నెండు కుర్చీలు, ఒక నల్లబల్ల, వీధి వైపు ఒక కిటికీ. పొట్ట చేతపట్టుకుని వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లకి అక్కడి భాష నేర్పే తరగతి అది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. టీచరు ఆ ఏడాదే అక్కడ చేరింది. బడిపిల్లలకి పదహారేళ్లు చెప్పిన మనిషే గాని, పెద్దవాళ్లకి చెప్పడం అదే మొదలు.

మొదటి నెల ఆమెకి చుక్కలు కనిపించాయి. ఉన్నది పదకొండు మంది. రాయమంటే వంచిన తల ఎత్తకుండా రాస్తారు. పుస్తకంలో వాక్యం చదవమంటే చదువుతారు. సొంతంగా ఒక్క మాట చెప్పమంటే మాత్రం బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుంటారు. బొమ్మలు తెచ్చి చూపించింది. ఇద్దరిద్దరిని జతకట్టి అమ్మేవాడు, కొనేవాడు ఆట ఆడించింది. వాళ్లలో కారు నడిపే ఒక డ్రైవరు మాత్రం కాస్త నోరు విప్పేవాడు. అదీ ఎక్కడైనా తప్పు దొర్లిందా, ఇక వారం దాకా ఉలుకూ పలుకూ ఉండదు.

ఇంటికొచ్చి అక్క దగ్గర తలపట్టుకుంది. అక్క ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చెల్లెలి గోడు అంతా విని, ముందు కళ్లజోడు తుడుచుకుంది.

"నీ పేరేంటి, మీ ఊరేది, ఎందుకొచ్చావు అని అడిగితే వాళ్లకి పోలీసు ఠాణాలో కూర్చున్నట్టుంటుందే. వాళ్ల సంగతి వాళ్లని అడక్కు. లేనివాడి గురించి చెప్పించు. లేనివాడి మీద తప్పు చెప్పినా అడిగేవాడెవడు?"

మర్నాడు టీచరు కుర్చీలన్నీ గుండ్రంగా వేయించింది. మిగిలిన పన్నెండో కుర్చీని మధ్యలో పెట్టింది. అందులో ఒకాయన కూర్చున్నాడనీ, ఆయనెవరో వాళ్లే చెప్పాలనీ అంది. తలా ఒక్క వాక్యం. ముందువాళ్లు చెప్పినదాన్ని కాదనకూడదు, అదొక్కటే నియమం.

ఆయన పొడుగని బేకరీలో పనిచేసే అతను అన్నాడు. ఆయనకి కారు లేదు, పొద్దున్నించీ నాది అడుగుతున్నాడని డ్రైవరు అన్నాడు. గది గొల్లుమంది. చొక్కాకి రెండో గుండీ ఊడిపోయిందని దర్జీపని చేసే ఆమె కనిపెట్టింది. వంతు పెద్దమ్మ దాకా వచ్చింది. అందరికంటే పెద్దది కాబట్టి అందరూ ఆమెని పెద్దమ్మ అనే పిలిచేవారు. ఆసుపత్రి లాండ్రీలో పని. సబ్బునీళ్లలో నాని నాని వేళ్లు తెల్లగా పగిలిపోయి ఉండేవి. నెల రోజుల్లో ఆమె గొంతు ఎవరూ వినలేదు. ఆమె మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసి, "వాడు గుమ్మంలో తల వంచుతాడు" అంది.

ఆ రోజు నుంచి తరగతి దారిలో పడింది. తప్పుల్ని టీచరు నలుగురిలో దిద్దడం మానేసి, చిన్న చీటీ మీద రాసి చేతిలో పెట్టేది. కుర్చీలో ఆయన్ని ఒకరు ప్రశ్న అడిగితే, పక్కనున్నవాళ్లు ఆయన తరఫున జవాబు చెప్పాలి. మూడు వారాల్లో రాళ్లు కాస్తా వసపిట్టలయ్యాయి. పెద్దమ్మ కూడా రోజుకో వాక్యం చెప్పేది. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదని ఒకసారి, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడని ఇంకోసారి. అందరూ ఆయన అంటుంటే ఆమె ఒక్కతే వాడు అనేది. మర్యాద మాట ఇంకా పట్టుబడలేదనుకుని టీచరు చీటీ మీద 'ఆయన' అని రాసి ఇచ్చేది. పెద్దమ్మ చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, మర్నాడు మళ్లీ వాడు అనే అనేది.

రానురాను ఆ గదిలో నవ్వులు తగ్గాయి. డ్రైవరు ఒకరోజు ఆ కుర్చీకి కాలు తగిలి, క్షమించండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తనిఖీకి వచ్చిన అధికారి అందులో కూర్చోబోతే నలుగురు ఒక్కసారే లేచి తమ కుర్చీలు చూపించారు. టీచరు ఎంత ముందుగా వచ్చినా ఆ కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉండేది. ఊడ్చే మనిషి తిప్పుతోందేమో అనుకుని సరిచేసేది. మర్నాడు మళ్లీ కిటికీ వైపే ఉండేది. ఒక సాయంత్రం అక్కతో కలిసి కూరగాయలు తరుగుతూ టీచరు, ఇవాళ ఆయనకి ఒంట్లో బాగోలేదు అంది. అక్క చేతిలో కత్తి ఆగింది.

"ఎవరికి?" అంది అక్క.

టీచరు తరిగిన ముక్కల్నే మళ్లీ తరిగింది.

ఇంతలో భూతకాలం పాఠం వచ్చింది. ఆయన గురించిన పాత వాక్యాలన్నీ భూతకాలంలోకి మార్చమంది. పొడుగ్గా ఉండేవాడు, కారు అడిగేవాడు అంటూ అందరూ గడగడా చెప్పుకుపోయారు. బేకరీ అతను ఉత్సాహం పట్టలేక సొంతంగా ఇంకో రెండు కలిపాడు. "ఒకరోజు పనికి వెళ్లాడు. తిరిగి రాలేదు." ఒక్క తప్పు లేదు. టీచరు భేష్ అంది.

పెద్దమ్మ వంతు. "వాడు గుమ్మంలో తల వంచుతాడు."

వంచేవాడు అని టీచరు అందించింది. పెద్దమ్మ వంచుతాడు అంది. టీచరు ఓపిగ్గా మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ అదే జవాబు. ఆఖరికి నల్లబల్ల మీద 'వంచేవాడు' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసింది. పెద్దమ్మ లేచి వచ్చి ఆ మాటని అరచేత్తో తుడిచేసింది. సంచి తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. అంతవరకూ టకటకలాడుతున్న కింది దుకాణంలో కుట్టుమిషను ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

పెద్దమ్మ ఉండే భవనంలోనే దర్జీ కూడా ఉంటుంది. సంగతి ఆమె చెప్పింది. పెద్దమ్మకి ఒక తమ్ముడు. పదకొండేళ్ల కిందట ఈ దేశానికే రాళ్ల క్వారీలో పనికి వచ్చాడు. మూడు ఉత్తరాలు రాశాడు, నాలుగోది రాలేదు. ఈమె వెతుక్కుంటూ వచ్చింది గాని, ఎవరిని ఏమని అడగాలో భాష రాక లాండ్రీలో ఉండిపోయింది. ఇప్పుడు రోజూ తరగతికి అరగంట ముందే వచ్చి, ఆ కుర్చీని కిటికీ వైపు తిప్పి, దాని పక్కన కూర్చుని, టీచరు వచ్చేలోగా కిందికి దిగిపోతుందట. చిన్నప్పుడు ఎక్కడ కూర్చున్నా వాడికి దారి కనబడాలిట.

బేకరీ అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. టీచరు పాఠం ఆపేసింది. తన భేష్ తనకే చెవుల్లో గింగురుమంటోంది.

ఇంటికెళ్లి చెబితే అక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పిల్లలకి లేనివాడి మీద వ్యాసం రాయమని ఇస్తే, వాళ్ల ఇళ్లలో పోయినవాళ్లంతా ఆ కాగితాల్లోకి వచ్చి కూర్చునేవారే," అంది. "తెలిసే చెప్పాను నీకు. ఇంత తొందరగా వస్తారనుకోలేదు."

పెద్దమ్మ నాలుగు రోజులు రాలేదు. టీచరు ఆ కుర్చీని మూలకి జరిపించింది. మధ్యలో జాగా ఖాళీ అయింది గాని, అటుగా ఎవరూ నడవలేదు. నల్లబల్ల దగ్గరకి వెళ్తూ తను కూడా చుట్టూ తిరిగి వెళ్తోందని మూడో రోజుకి గాని ఆమెకి తెలియలేదు. బస్సెక్కుతూ తల వంచే మనిషి ఎవరు కనబడినా ముందు ఎడమచేతి బొటనవేలి వైపు చూపు పోయేది. అయిదో రోజు ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్లింది.

లాండ్రీ నేలమాళిగలో ఉంది. ఆవిరికి ఎదుటి మనిషి కంటికి ఆనడం లేదు. పెద్దమ్మ ఒక్కతే దుప్పట్లు మడతపెడుతోంది. టీచరు రెండో కొస అందుకుంది. మూడు దుప్పట్లు అయ్యాక, తెలియక చేశాను, మనసులో పెట్టుకోవద్దు అంది. పెద్దమ్మ తల అడ్డంగా ఆడించి, మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"మీ పాఠంలో రెండే ఉన్నాయమ్మా. ఉన్నాడు. ఉండేవాడు. ఉన్నాడు అంటే, నాకు తెలీదు. ఉండేవాడు అంటే, నా చేత్తో నేను చంపినట్టు."

టీచరు దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడింది. పదహారేళ్లుగా వ్యాకరణం చెబుతోంది, ఒక మాట కోసం ఇలా తడుముకోవడం ఎన్నడూ ఎరగదు.

"ఇంకోటి ఉంది, పెద్దమ్మా. ఉండే ఉంటాడు."

"అంటే?"

"చూసినవాళ్లు అనే మాట కాదు. తెలీదని ఒప్పుకుంటూనే అనే మాట."

పెద్దమ్మ దాన్ని పెదాల మీద నాలుగైదుసార్లు తిప్పుకుంది. ఇంకో దుప్పటి మడిచాక, అయితే అడగడం నేర్పించమంది. కుర్చీని కాదు, మనుషుల్ని.

అటు తర్వాత నెల రోజులు టీచరు పుస్తకం ముట్టుకోలేదు. ఒకరు అడగాలి, మరొకరు అడ్డుపడాలి. డ్రైవరు చిరచిరలాడే గేటు కాపలాదారు అయ్యాడు. దర్జీ కిటికీ మూసేసే గుమాస్తా అయింది. బేకరీ అతను నాకు తెలీదు, పో అనే మేస్త్రీ వేషం వేశాడు. ఆ మాట ఆమె మొహం చూస్తూ అనలేక, గోడ వైపు తిరిగి అనేవాడు. పెద్దమ్మ వదిలేది కాదు. మీకు తెలీకపోతే ఎవరికి తెలుసు? ఆయన ఎక్కడుంటాడు? రిజిస్టరు చూపించండి, నేను ఇక్కడే నిలబడతాను. ఆమెతోపాటు పదిమందికీ ఆ ప్రశ్నలు కంఠతా వచ్చాయి. ఇల్లు వెతుక్కునేటప్పుడు, ఆఫీసుల్లో నిలబడ్డప్పుడు అవే వాళ్లకి అక్కరకొచ్చాయి.

సెలవు చూసుకుని డ్రైవరు ఆమెని తన కారులో, తమ్ముడి ఉత్తరాల మీదున్న క్వారీ చిరునామాకి తీసుకెళ్లాడు. మూడో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ తరగతికి వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పింది. క్వారీ మూతబడి నీళ్లు నిండిపోయింది. ఆఫీసు మాత్రం ఉంది. గుమాస్తా నిజంగానే కిటికీ మూశాడు. ఆమె నిలబడింది. గంటన్నరకి రిజిస్టరు బయటికొచ్చింది. ఏడు నెలలు తమ్ముడి పేరుంది. ఎనిమిదో నెలలో ఆ పేరుకి ఎదురుగా 'రాలేదు' అని ఉంది. పోయాడని లేదు, మానేశాడని లేదు. అప్పట్లో కూలీలకి వండిపెట్టిన ఒక ముసలాయనకి మాత్రం జ్ఞాపకం. ఒక పొద్దున్నే మూట కట్టుకుని కొండదారిన వెళ్లాడు, ఎక్కడికని ఎవరం అడగలేదు అన్నాడు. వాడు పడుకున్న రేకుల షెడ్డు చూపించమంది. తలుపు పైచట్రం మీద తలలు తగిలి తగిలి నల్లబడ్డ మరక ఉంది. అది ఎంతమందిదో. ఆమె కాసేపు దాని కింద నిలబడి వచ్చేసింది.

ఆమె చెబుతున్నంతసేపూ టీచరు చీటీ తీయలేదు, పెన్సిలు తీయలేదు.

ఆ కొండదారిన పధ్నాలుగు ఊళ్లున్నాయి. సెలవు దొరికినప్పుడల్లా పెద్దమ్మ ఒక్కో ఊరికి వెళ్లి వస్తోంది. ఇప్పటికి నాలుగయ్యాయి. రెండో ఊళ్లో ఎవరో అలాంటి మనిషికి మంచినీళ్లు ఇచ్చామన్నారు. నాలుగో ఊళ్లో ఒకామె ఏదో చెప్పబోయి, మొగుడు చూడగానే తలుపేసుకుందట. బయల్దేరే ముందు ప్రతిసారీ పెద్దమ్మ గదికి వచ్చి, కావలసిన ప్రశ్న నేర్చుకుని పోతుంది. మొన్న కూడా వచ్చింది. సంచి తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"టీచరమ్మా," అంది ఆఖరికి. "తను ఇక్కడున్నట్టు ఎవరికీ చెప్పొద్దని మా తమ్ముడే అన్నాడా అని... అదెలా అడగాలి?"

టీచరు చెప్పింది. పెద్దమ్మ తప్పు లేకుండా వచ్చేదాకా పలికి, మెట్లు దిగి వెళ్లిపోయింది.